రాంచాకు ఎముకలెక్కడ

కొండచరియ జారి రోడ్డు మీద పడడంతో లారీ ఆగిపోయింది. కొండల్లో పౌకర్‌తంబో ఊరికి పోయే దారిలో వానాకాలం ఇదేమంత వింత కాదు. డ్రైవరు దిగి, సగం రోడ్డును కప్పేసిన బురదను ఓసారి చూసి, కొండను తల్లి పేరు పెట్టి తిట్టి, మళ్లీ కేబిన్‌లోకి పోయి ముసుగు తన్నాడు. లారీ వెనక సిమెంటు బస్తాలు, కొన్ని గొర్రెలు, మేము. సన్నటి వాన. అందరం తల దూర్చి తొడుక్కునే ఉన్ని పోంచోల్లోకి మెడలు లాక్కుని తాబేళ్లలా కూర్చున్నాం.

ఒకాయన మాత్రం పలచటి చొక్కాతో రోడ్డు అంచున నిలబడి బురద వంకే చూస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పెదవులు నీలంగా అయిపోయాయి. చంకలో మూతి బిగించి కట్టిన ప్లాస్టిక్ సంచి. అందులో మడిచి పెట్టిన ఎర్ర పోంచో బయటికి కనబడుతూనే ఉంది.

గొర్రెల పక్కన కూర్చున్న లావుపాటి ఆవిడ ఊరుకోలేదు. "ఏం బావా, పోంచోకు జలుబు చేస్తుందని సంచిలో దాచావా? నువ్వు తడిస్తే పర్లేదు గానీ అది తడవకూడదు కాబోలు!"

లారీ అంతా నవ్వింది. ఆయన వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"దానికి రోగం అక్కా. అంటుకుంటుంది."

ఆ మాట అన్న తీరుకు నవ్వు ఆగిపోయింది. ఆవిడ గొర్రెను ఇంకాస్త దగ్గరికి లాక్కుంది.

ఆయన నడుముకు వడిసెల చుట్టి ఉంది. మెడలో తాడుకు సముద్రపు శంఖం. ఆ రెండూ చూస్తే మా వైపు వాళ్లెవరికైనా ఆయన అరారివా అని తెలిసిపోతుంది. ఊరి బంగాళదుంప చేలన్నిటికీ ఏడాది పాటు కాపలా ఉండే మనిషి అరారివా. దొంగల నుంచీ గొర్రెల నుంచీ మాత్రమే కాదు, వడగళ్ల నుంచీ గడ్డమంచు నుంచీ కాపాడాల్సింది కూడా ఆయనే. నాట్లు మొదలు తవ్వకం దాకా చేల మధ్య గుడిసెలోనే కాపురం. ఉప్పు తినకూడదు. పెళ్లాం పక్కన పడుకోకూడదు. మబ్బు నల్లబడితే శంఖం ఊది, వడిసెలతో రాయి విసిరి, తడిగడ్డి పొగ పెట్టి, దాన్ని పక్క కొండకు తోలేయాలి. పంట దక్కితే ఊరు ఊరంతా ఆయన గిన్నెలో మొక్కజొన్న కల్లు చిచ్చా పోస్తుంది. దక్కకపోతే ఎందుకు దక్కలేదో సభ ముందు నిలబడి చెప్పుకోవాల్సిందీ ఆయనే.

అలాంటి మనిషి నాట్లకూ తవ్వకానికీ మధ్య చేలు వదిలి రోడ్డు మీద ఉండడం ఎక్కడా లేదు. దిగి దగ్గరికి వెళ్లాను.

"ఏ ఊరు తమ్ముడూ?"

"వాయ్లాపాతా. నా పేరు మెలితోన్ చాంపి. పెద్దయ్యా, ఈ బురదను నడిచి దాటొచ్చా?"

"దాటొచ్చు. కాలు జారితే మాత్రం కింద నది."

"నది ఉంటే ఉంది. మధ్యాహ్నం మా ఊళ్లో సభ. ఒక ఆడకూతుర్ని ఊరి నుంచి వెళ్లగొట్టబోతున్నారు. నా మాట మీద. ఆ మాట నేను వెనక్కి తీసుకోవాలి."

నా మూట తెచ్చుకున్నాను. నేను పోవాల్సిందీ ఆ వైపే. పోకపోయినా, ఈ కాళ్లు ఆగిన లారీలో కూర్చునే రకం కాదు. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మోకాళ్ల లోతు బురదలో అవతలికి చేరాం. నా పోంచో సగం ఆయన మీద కప్పబోతే దూరం జరిగాడు. "వొద్దు. నన్ను తాకిన బట్ట దేన్నీ నమ్మలేను ఇప్పుడు" అన్నాడు. తర్వాత పైకి ఎక్కే దారి పొడుగునా ఆయన చెప్పిందే ఇది. మధ్యలో నేను చదివినవీ చూసినవీ కూడా దూరుతాయి. నా నడకా అంతే, నా చెప్పడమూ అంతే.

*

మెలితోన్ ఏడేళ్ల వయసు నుంచీ తాత వెంట చేలలో తిరిగాడు. తాత అరారివా. ఆయన తండ్రీ అరారివానే. ఆ ఇంటి మగవాళ్లకు పిడుగు పడే చోటు ముందే తెలుస్తుందని ఊళ్లో ఒక పేరు. మెలితోన్ మాత్రం ఆ మాట ఒప్పుకోడు. "తెలిసేది పిడుగు కాదు పెద్దయ్యా, భయం. మా ఇంట్లో భయపడడం బాగా నేర్పిస్తారు" అన్నాడు. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు పుట్టి పోయారు, భార్య దగ్గుతో పోయింది. ఉప్పు మానడం, ఒంటరిగా పడుకోవడం ఆయనకు ఇప్పుడు నియమాలు కావు, అలవాటు. అందుకే ఊరు మళ్లీ మళ్లీ ఆయన్నే నిలబెట్టేది.

ఆయన తాత నేర్పిన చదువు ఒకటుంది. దేన్నైనా తోలేయాలంటే ముందు దాని ఒళ్లు తెలియాలి. వడగళ్లకు కాళ్లున్నాయి, అవీ కుంటికాళ్లు. అందుకే ఒక చేను వదిలి పక్క చేలో పడతాయి. వాటిని కాళ్ల మీద కొట్టాలి, అంటే రాయి నేల బారుగా విసరాలి. గడ్డమంచుకు కాళ్లు లేవు, పళ్లున్నాయి. పళ్లకు పొగ పడదు. ఈ లెక్కలు విని నవ్వే చదువుకున్నవాళ్లను నేను చాలామందిని చూశాను. నేను నవ్వను. లోకంలో వైద్యం మొదలైంది కూడా ఇలాగే, ఒళ్లెక్కడుంది, నొప్పెక్కడుంది అనే ప్రశ్నతోనే.

ఈ ఏడు వచ్చింది మాత్రం వడగళ్లూ కాదు, గడ్డమంచూ కాదు. రాంచా. మామూలుగా చెప్పాలంటే ఆకుమాడు తెగులు. ముందు ఆకు అంచున వేడినీళ్లు పడ్డట్టు ఒక మచ్చ. తిప్పి చూస్తే అడుగున తెల్లటి నూగు. ముసురు పట్టిందా, చేను చేనంతా నల్లగా మాడి కుళ్లు కంపు కొడుతుంది. ఆకు నుంచి వాన నీటితో మట్టిలోకి దిగి దుంపను లోపలే కుళ్లబెడుతుంది.

"మా నాన్న రోజుల్లో ఇది లోయలోనే ఉండేది. పైన చలి దానికి పడేది కాదు" అన్నాడు మెలితోన్. "ఇప్పుడు చలి పలచబడింది. ఇదీ మనలాగే లారీ ఎక్కినట్టు పైకొచ్చింది. మా ఊరి పెద్ద విల్బర్, లోయ నుంచి తెల్లదుంప విత్తనం తెచ్చి కింది చేలో వేశాడు. మొదటి మచ్చ అక్కడే చూశాను. విల్బర్‌కు చెబితే, 'నీ పని వడగళ్లు చూసుకోవడం, నా చేను నేను చూసుకుంటా' అన్నాడు. సంత నుంచి మందు తెచ్చి కొట్టాడు. ఆ సాయంత్రమే వాన కడిగేసింది."

"తర్వాత?"

"తర్వాత ఊరంతా."

చేనుకు చెడు జరిగితే వాయ్లాపాతాలో ముందు ఆడవాళ్ల కడుపుల వైపు చూస్తారు. వాయ్లాపాతా ఒక్కటే కాదు, ఆ కొండల్లో చాలా ఊళ్లలో అంతే. పేరు పెట్టకుండా, చర్చి నీళ్లు చల్లకుండా ఎవరైనా పిండాన్ని పాతిపెడితే ఆకాశం పగబడుతుందని నమ్మకం. అరారివా ఇంటింటికీ వెళ్లి అడగాలి. ఆయనకు అబద్ధం చెప్పకూడదు, చెబితే చేను చస్తుంది. మెలితోన్ వెళ్లాడు. తొమాసా అనే పిల్ల ఇంటి గడప దగ్గర కూర్చుని అందరినీ అడిగినట్టే అడిగాడు.

"చెప్పేసింది పెద్దయ్యా. వాళ్లక్కకు కూడా చెప్పనిది నాకు చెప్పింది. మొగుడు అడవిలో బంగారం తవ్వకాలకు పోయి కబురే లేదు. నెలలు నిండకుండానే కడుపు పోయిందట. ఒక్కతే ఉంది. పొయ్యి వెనకాల పాతుకుంది. ఏడవలేదు. చెబుతూ చెబుతూనే నాకు దుంపలు ఉడకబెట్టి పెట్టింది. ఉప్పు వెయ్యకుండా. నేను ఉప్పు తిననని గుర్తుపెట్టుకుంది."

జారిన వడిసెలను నడుముకు మళ్లీ చుట్టుకున్నాడు.

"తిన్నాను. తిని, చెయ్యి కడుక్కుని, పోయి సభలో చెప్పాను."

సభ తొమాసా చేతనే తవ్వించింది. పౌకర్‌తంబో నుంచి పాదిరిని పిలిచి నీళ్లు చల్లించి శ్మశానంలో పాతించారు. వడగళ్లయితే దాంతో ఆగిపోవాలి. రాంచా ఆగలేదు, ఇంకా పేట్రేగింది. అప్పుడు ఊళ్లో ఎవరూ నమ్మకాన్ని అనుమానించలేదు, తొమాసానే అనుమానించారు. ఇంకోటి దాచిందన్నారు. వచ్చే సభలోపు ఆ రెండోది ఎక్కడుందో చెప్పాలి, లేదా ఇల్లూ చేనూ వదిలి పోవాలి.

"రెండోది లేదు. నాకు తెలుసు. నాకు అబద్ధం చెప్పేదైతే మొదటిదే చెప్పేది కాదు కదా."

అక్కడ మొదలైంది ఆయనకు అనుమానం. రాంచా ఒళ్లు తెలియకుండా దాన్ని తోలబోయానేమో అని. పూర్వం ఒకసారి కూస్కో నగరం నుంచి ఒక పరిశోధనా కేంద్రం వాళ్లు ఆకులు కోసుకుపోవడానికి వచ్చారు. వాళ్లలో నియెవెస్ అనే అమ్మాయి, ఓకోంగాతే వైపు పిల్ల, మా కొండల భాషే మాట్లాడుతుంది. "దీని సంగతి తెలుసుకోవాలంటే రా బాబాయ్, అదెలా నడుస్తుందో చూపిస్తా" అంది. ఆ మాట గుర్తొచ్చి మెలితోన్ సభకు ముందు రోజు పొద్దున్నే చేలు చుట్టి, అదే తడి పోంచోతో, ఒక మాడిన కొమ్మను గుడ్డలో చుట్టుకుని, లారీ ఎక్కాడు.

*

నియెవెస్ పనిచేసే ఆ గదికి తర్వాత నేనూ వెళ్లాను. కాబట్టి ఇక్కడ ఆయన చెప్పిందీ నేను చూసిందీ కలిసిపోతాయి.

మైక్రోస్కోపులో కన్ను పెడితే ముందు ఏమీ ఉండదు. తర్వాత చీకట్లో ఒక గొట్టం కనబడుతుంది, గాజుదారం లాంటిది. కదలదు. విసుగొచ్చి కన్ను తీద్దామనుకునేసరికి, దాని కొస ఇందాకటి చోట లేదని తెలుస్తుంది. ముందుకొచ్చింది. ఒళ్లంతా పెరగదు, కొస ఒక్కటే పెరుగుతుంది. వెనకున్నదంతా ఎక్కడున్నది అక్కడే గట్టిపడిపోతుంది.

మెలితోన్ అడిగిన మొదటి ప్రశ్న: "దీనికి ఎముకలెక్కడ?"

"నవ్వుతుందనుకున్నా పెద్దయ్యా. నవ్వలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుంది. 'నేను ఇన్నేళ్లుగా వెతికేది అదే బాబాయ్' అంది."

రాంచాను పండితులు చాలాకాలం పుట్టగొడుగుల కులంలో లెక్కేశారు. బూజులా ఉంటుంది, బూజులా కుళ్లబెడుతుంది, ఇంకేం కావాలి? కాదట. దాని అసలు చుట్టాలు సముద్రపు గోధుమరంగు నాచులు. వేషం బూజుది, వంశం నాచుది. బూజును చంపే మందులు చాలా వాటికి ఇది చావకపోవడం అందుకే. ఇంత ఎత్తున, సముద్రం ఎలా ఉంటుందో ఎరగని వాయ్లాపాతాలో, సముద్రం తాలూకు బంధువు వచ్చి దుంపలు తింటోంది. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

నియెవెస్ ఒక రంగు వెలుగు వేసింది. గొట్టం లోపల ఆకుపచ్చగా సన్నటి నూలుపోగులు మెరిశాయి. గోడ వెంబడి నూకల్లాంటి చుక్కలు. కొసలో మాత్రం ఒక టోపీలా, వల అల్లినట్టు.

"ఇవే ఎముకలు" అంది. "మన ఎముకల్లా ఒకసారి పుట్టి ఉండిపోవు. కొసలో అల్లుకుంటాయి, వెనక విడిపోతాయి, ఆ పోగులే మళ్లీ ముందుకొచ్చి అల్లుకుంటాయి. లోపల నీళ్లు గట్టిగా తోస్తుంటాయి. కొస గోడ మాత్రం పచ్చి పిండిలా మెత్తన. పగలకుండా, పక్కకు ఉబ్బకుండా, తిన్నగా సాగేటట్టు పట్టి ఉంచేది ఈ వలే. కొత్త గోడకు సరుకు చేరేది కూడా ఈ పోగుల పట్టునే. ఏ రూపంలో పెరగాలో ఇవే చెబుతాయి."

"నడుస్తూ నడుస్తూ కాళ్లు కట్టుకుంటుందన్నమాట" అన్నాడు మెలితోన్.

"అంతే బాబాయ్."

తర్వాత ఆకు పొర మీద వదిలి చూపించింది. కొస వచ్చి ఆకును తాకింది. తాకిన చోట పోగులన్నీ ఒక్కచోటికి చేరి నక్షత్రంలా విచ్చుకున్నాయి. గట్టిగా ఉంది, ఇక్కడే కోయాలి అని దానికి ఎవరో చెప్పినట్టు. తర్వాత అది నిటారుగా గుచ్చలేదు. ఏటవాలుగా ఒరిగి, కత్తి పెట్టి కోసినట్టు కోసుకుంటూ లోపలికి పోయింది.

"నా ఒళ్లు జలదరించింది. గొర్రెను కోసేటప్పుడు నేనూ కత్తి అలాగే ఒరగబెడతా" అన్నాడు నాతో.

అప్పుడాయన అరారివా కాబట్టి అడగాల్సింది అడిగాడు. ఆ ఎముకలు విరిచే మందు లేదా అని. నియెవెస్ ఒక సీసా తీసి చుక్క వేసింది. సముద్రపు స్పంజి నుంచి తీసిందట. చూస్తుండగానే వల కరిగిపోయింది. దారంలా సాగుతున్న కొస దారి తప్పి, సొరకాయలా ఉబ్బి, ఆగిపోయింది. పక్కనున్నది పగిలింది.

"చచ్చింది!" అని మెలితోన్ బల్ల మీద చరిచాడు. "ఇదియ్యి తల్లీ. నా గుడిసె అమ్ముకునైనా పట్టుకుపోతా."

నియెవెస్ సీసా మూత పెట్టింది.

"ఇవే పోగులు దుంప మొక్కలోనూ ఉన్నాయి బాబాయ్. నీలోనూ ఉన్నాయి. నీ గుండె బిగిసి విడిచేది వీటితోనే. ఇది చల్లితే రాంచా చస్తుంది, చేను చస్తుంది, చల్లినవాడూ చస్తాడు. దాని పోగులు మనవాటికి ఎక్కడ వేరో తెలిస్తే, అక్కడ కొట్టొచ్చు. అదే వెతుకుతున్నాం. నీ పంట చేతికొచ్చేలోపు మాత్రం దొరకదు."

నన్ను కూర్చోబెట్టి ఇదే మాట చెప్పినప్పుడు ఆ అమ్మాయి కళ్ల కింద నల్లటి వలయాలు చూశాను. వాళ్ల నాన్న చేను కూడా మాడిందట. ఆ సంగతి తను చెప్పలేదు, గదిలో ఇంకొకరు చెప్పారు.

మెలితోన్ లేచాడు. లేచి, గుమ్మం దాకా వెళ్లి, వెళ్లేవాడు ఊరుకోక వెనక్కి తిరిగి అడిగాడు. ఆకులోకి ఎలా పోతుందో చూపించావు, మరి చేను నుంచి చేనుకు ఎలా పోతుంది? గాలికేనా?

"గాలికి పోతుంది. వాన చినుకు చిమ్మితే పోతుంది. ఆకు అడుగున ఆ తెల్ల నూగుంది చూడు, దాని మీద నిమ్మకాయ ఆకారంలో తిత్తులుంటాయి. తగిలితే చాలు రాలతాయి. చల్లటి మంచునీళ్లలో ఒక్కో తిత్తి పగిలి, తోకలతో ఈదే పిల్లలు బయటికొస్తాయి." ఇక్కడ ఆగిందట నియెవెస్. ఆయన వంక, ఆయన పోంచో వంక చూసి, నెమ్మదిగా అడిగిందట. "పొద్దున్నే తడి ఆకుల్లో అందరికంటే ముందు నడిచేదెవరు బాబాయ్?"

*

దారిలో మెలితోన్ ఈ మాట దగ్గర నిలబడిపోయాడు. మబ్బు మా చుట్టూ చేరింది. కింద ఎక్కడో గాడిద అరుస్తోంది.

"మా తాత నేర్పాడు పెద్దయ్యా. పొద్దు పొడవకముందే కింది చేలో దిగాలి. ప్రతి సాలూ నడుస్తూ పైదాకా రావాలి. పోంచో అంచు ప్రతి మొక్కకూ తగలాలి. పలకరింపు అది. తగలని మొక్క అలుగుతుందని. తగిలించాను. కింది చేను, విల్బర్ చేను, మచ్చలున్న చేను. అక్కడే మొదలుపెట్టి, ఊళ్లో ప్రతి చేనునూ పలకరించాను. ఒక్క మొక్కను కూడా వదల్లేదు." ఆయన నవ్వబోయాడు, కుదర్లేదు. "నేను సోమరిపోతునైతే సగం ఊరు మిగిలేది."

నియెవెస్ పోంచో అంచు పిండి, ఆ చుక్కను అద్దాల కింద పెట్టింది. నిమ్మకాయ తిత్తులున్నాయి. కాసేపు చల్లగా ఉంచితే పగిలాయి. ఈదుతున్నవాటిని మెలితోన్ తన కంటితో చూశాడు. ఆ తోకల్లో కూడా ఎముకల్లాంటి కడ్డీలే ఉంటాయని ఆ అమ్మాయి చెబుతోందట గానీ ఆయనకు వినపడలేదు.

సముద్రం అవతల ఐర్లాండు అనే దీవిలో, మా తాతల తాతల కాలంలో, ఇదే తెగులు దుంపలన్నీ కుళ్లబెట్టి లక్షల మందిని ఆకలితో చంపింది. అక్కడి పెద్దమనుషులు కూడా ఇది ఎవరి పాపమని వెతుక్కున్నారని చదివాను. పేదవాళ్ల బద్ధకమని కొందరు, దేవుడి కోపమని కొందరు. ఆ సంగతి మెలితోన్‌కు చెప్పాను, కొంత ఊరటగా ఉంటుందని.

"వాళ్లకు అరారివా ఉన్నాడా?" అని అడిగాడు.

"లేడు."

"అయితే దాన్ని మోసుకొచ్చి వాళ్లను ఎవరూ చంపలేదు" అన్నాడు. 

*

సభ బడి ఆవరణలో. మేం చేరేసరికి మొదలై చాలాసేపయింది. ఆడవాళ్లు నేల మీద, మగవాళ్లు గోడల వెంట. బుగ్గల్లో నములుతున్న కోకా ఆకు ఉండలు. ఊరి పెద్ద విల్బర్ వల్పా, టోపీ వెనక్కి తోసుకుని, చేతికర్రతో నిలబడి ఉన్నాడు. మెలితోన్‌ను చూడగానే గొంతు పెంచాడు.

"వచ్చావా మహానుభావా! చేలు నల్లగా చస్తుంటే నువ్వు నగరంలో షికార్లు. కోడి వేపుడు తిన్నావా అక్కడ, ఉప్పేసి?"

కొందరు నవ్వారు. మెలితోన్ మధ్యలోకి నడిచి, ప్లాస్టిక్ సంచి నేల మీద పెట్టాడు. విప్పలేదు.

"తొమాసా మీద నేను చెప్పిన మాట వెనక్కి తీసుకుంటున్నా. రాంచాకూ ఆ పిల్ల కడుపుకూ సంబంధం లేదు. రాంచాను చేలన్నిటికీ తిప్పింది నేను. ఈ పోంచోతో. రోజూ పొద్దున్నే. నా కళ్లతో చూసొచ్చా."

గోడల వెంట ఉన్నవాళ్లు సంచి వైపు మెడలు సాచారు. నాకు ఆశ పుట్టింది.

తర్వాత ఆయన అంతా చెప్పాడు. గాజుదారం లాంటి ఒళ్లు, కొసలో వల, తిత్తులు, ఈదే పిల్లలు. బాగానే చెప్పాడు, నాకు చెప్పినదానికంటే బాగా. కింది చేలో మొదలైందని చెప్పినప్పుడు విల్బర్ కర్ర నేలకు తాటించాడు.

"అంటే నా విత్తనమే దరిద్రమంటావా?"

"విత్తనంతో వచ్చింది. నాతో ఊరంతా పోయింది. నీ పాలు నీది, నా పాలు నాది."

"నా పాలు ఎక్కడిది? నేను మందు కొట్టా! ఎవడు కొట్టాడు ఊళ్లో నేను తప్ప?"

"వానలో కొట్టావు బావా" అన్నారెవరో గోడ పక్క నుంచి. నవ్వులు. విల్బర్ అటు తిరిగి ఏదో అనబోతుండగా ఎస్కొలాస్తికా ముసలమ్మ చెయ్యి పైకెత్తింది. ఊళ్లో పుట్టుకలన్నీ ఆవిడ చేతుల మీదుగా జరిగినవే. ఆవిడ మాటకు అడ్డు లేదు.

"మెలితోన్ అబద్ధం చెప్పడు" అంది. "వాళ్ల తాతా చెప్పలేదు. పోంచో మీద రాంచా చూశానంటే చూశాడు. మరి ముప్పై ఏళ్లుగా అదే పోంచో, అదే నడక. ఈ ఏడే ఎందుకంటుకుంది?"

మెలితోన్ నోరు తెరిచాడు.

"ఆగరా నాయనా. నేను చెబుతా. ఆ పిల్ల ఇంటికి ఏ పోంచోతో వెళ్లావు?"

"ఇదే."

"ఆ ఇంట్లో కూర్చున్నావు. ఆ చేతి కూడు తిన్నావు. ఆ గడప మీద నీ పోంచో అంచు పరిచావు." ముసలమ్మ అందరి వంకా చూసింది. "అంటింది అక్కడే. ఆ పాపం కాళ్లు లేక కూర్చుంది, నువ్వు దానికి కాళ్లిచ్చావు."

అవునవునన్న మాటలు ఆవరణ అంతా పాకాయి. అందులో కోపం లేదు. అందరికీ ఒక ముడి విడినట్టయింది. మొహాలు తేలికపడ్డాయి. విల్బర్ మొహం అందరికంటే.

"మచ్చ ముందే వచ్చింది అవ్వా!" మెలితోన్ అరిచాడు. "ఆ ఇంటికి నేను పోయింది మచ్చలొచ్చాకే! మచ్చలొచ్చినందుకే పోయాను!"

"నువ్వు చూడకముందు నుంచీ ఆ ఇంటి ముందు నుంచి నడవలేదా? దారి అదేగా."

దారి అదే.  పోగులూ తిత్తులూ అన్నీ నిజమే. వాటిని ఊరు నమ్మింది కూడా. నమ్మి, ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టుకుంది. నేను లేచి రెండు మాటలు అన్నాను. వినలేదు. పెద్దవాడినని తోసెయ్యలేదు, అంతే.

మెలితోన్ గొంతు తగ్గిపోయింది. "తొమాసాను పిలవండి. ఏ తీర్పైనా ఇవ్వండి, నామీద ఇవ్వండి. ఆ పిల్ల ముందు ఒకసారి నేను ఈ మాట చెప్పాలి."

ఆడవాళ్లలోంచి ఒకామె లేచింది. ఫెలిసితాస్, తొమాసా అక్క.

"ఎవర్ని పిలవమంటావ్? అది పొద్దున్నే పోయింది. పిల్కోపాతా లారీ ఎక్కింది, అడవి వైపు. మొగుణ్ణి వెతుక్కుంటానంది. ఏం దొరుకుతాడు వాడు."

"ఏమైనా చెప్పిందా పోయేముందు?"

"గొర్రెలను చూసుకోమంది."

"నా గురించి?"

ఫెలిసితాస్ మళ్లీ కూర్చుంది. "నీ గురించి ఏం చెబుతుంది అన్నా? నీ పేరే ఎత్తలేదు."

విల్బర్ గొంతు సవరించుకున్నాడు. అయితే ఆ విషయం తెగిపోయినట్టే, ఇక తవ్వకం దాకా చేలకు కాపలా ఎవరో తేల్చాలి అన్నాడు. మెలితోన్‌కు మైల అంటింది కాబట్టి అతను పనికిరాడు. ఒకాయన తన మోకాళ్లు నొప్పి అన్నాడు. ఇంకొకాయన తన భార్య నెలలు నిండి ఉంది, ఒంటరిగా పడుకోలేను అన్నాడు. దానికి ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో ముతక మాట విసిరారు, ఆవరణ గొల్లుమంది. విల్బర్ తమ్ముడి కొడుకు పేరు వచ్చింది. వాడికి వడిసెల తిప్పడమే రాదని ఎస్కొలాస్తికా అంది. రాకపోతే నేర్చుకుంటాడని విల్బర్ అన్నాడు.

ఆ వాదన మంచి పట్టులో ఉండగా మెలితోన్ శంఖం తీసి సంచి పక్కన నేల మీద పెట్టాడు. నేను ఆయన వైపు రెండడుగులు వేశాను, ఏమందామనుకున్నానో నాకే తెలియదు. ఆయన నన్ను చూడలేదు. బడి గోడ దాటి, లోయలోకి కాక, తొమాసా పోయిన, అడవికి దిగే రోడ్డు పట్టుకుని నడిచాడు. నడక తొందరగా లేదు, నెమ్మదిగానూ లేదు. నేను గోడ దాకా వెళ్లి నిలబడ్డాను. మొదటి మలుపు దగ్గర ఆగుతాడేమో, వెనక్కి తిరిగి చెయ్యెత్తుతాడేమో అనుకున్నాను. వెనక్కి చూడకుండానే మలుపు తిరిగాడు.